ఫ్లెక్సీల గురునాథం సొంత ముఖం

గిద్దలూరు బస్టాండు ఎదురుగా ఫ్లెక్సీల దుకాణం గురునాథానిది. పుట్టినరోజుకీ, పెళ్ళికీ, పార్టీలో చేరినందుకూ, ఆ పార్టీ మారినందుకూ ఆయన చేతి మీదుగా ఫ్లెక్సీ పడాల్సిందే. మనిషి మంచివాడే, నోరే ఊరుకోదు. "ఈ బుగ్గలు ఆరడుగుల్లో పట్టవు మామా, ఎనిమిది వేయించుకో" అంటాడు. జనం తిట్టుకుంటూనే ఎనిమిది వేయించుకుంటారు.

ఒకరోజు డిగ్రీ చదివే గాయత్రి తన స్నేహితులతో దుకాణానికి వచ్చింది. మూతి మీద మీసమైనా రాని పిల్లలు పెళ్ళిళ్ళలో బీర్లు తాగి, ముగ్గురేసి బండెక్కుతున్నారట. గాయత్రి జట్టు వంతులేసుకుని మండపాల దగ్గర కాపు కాసి తాళాలు లాక్కుంటోందట.

"దొరికినోళ్ళ ఫోటోలు ఫ్లెక్సీ వేద్దాం చిన్నాయనా. సిగ్గొస్తుంది" అంది.

గురునాథం వేశాడు. సిగ్గా? ఎక్కడి సిగ్గు! ఫ్లెక్సీలో పడ్డ కుర్రాడొకడు మర్నాడే వచ్చి, "అన్నా, నల్లద్దాలు పెట్టుకున్న ఫోటో ఉంది, అది మార్చవా?" అని బతిమాలాడు. వాడి స్నేహితులు ఫ్లెక్సీకి పాలాభిషేకం చేశారు. బేస్తవారిపేట నుంచి నలుగురు కుర్రాళ్ళు పనిగట్టుకుని వచ్చి, "మేం గూడా తాగినాం. మా ఫోటోలు ఎప్పుడు పడతాయి?" అని నిలదీశారు.

గాయత్రి తల పట్టుకుంది. బంగారు తల్లి, ముఖం ఫ్లెక్సీ మీద పడితే చాలు పండగ చేసుకునే ఊరు మనదని మర్చిపోయింది! ఉపాయం గురునాథమే చెప్పాడు.

"వీళ్ళకు బండ్లు ఇచ్చిందెవరు? నాయనలు. వాళ్ళ ముఖాలు వేద్దాం. కింద 'మావాడు తాగి బండి నడిపినాడు. బండి ఇచ్చింది నేనే' అని రాద్దాం."

మొదట ఎరువుల కొట్టు పుల్లయ్య ముఖం పడింది. పుల్లయ్య పంచె ఎగ్గట్టి వచ్చాడు.

"ఏందిరా ఇది? నా పరువు బజారుకీడుస్తావా?"

"నేనెక్కడ ఈడ్చినా మామా? నీ కొడుకు ఈడ్చినాడు, నేను గుంజకు కట్టినా" అని పడీపడీ నవ్వాడు గురునాథం.

ఆ వారంలో ఊళ్ళో తండ్రులకు ఎక్కడలేని తెలివీ వచ్చింది. తాళాలు బియ్యం డబ్బాల్లోకీ, బీరువాల్లోకీ చేరాయి. ఇంటర్ పిల్లలు బస్సులెక్కారు. గురునాథం కాలరెగరేసుకుని తిరిగాడు.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఆయన వంతూ వచ్చింది. ఒక మధ్యాహ్నం గాయత్రి ఒక్కతే వచ్చి, ఫోన్లో ఒక ఫోటో చూపించింది. కంభం రోడ్డులో బండి మీద తూలుతున్నవాడు గురునాథం కొడుకు ఉదయ్ కిరణ్. పక్కనే జానెడు దూరంలో లారీ.

"నేను డిలీట్ చేస్తా చిన్నాయనా. నువ్వు చూడలేదు, నేను చూపించలేదు" అంది.

గురునాథం ఫోన్ తీసుకుని ఆ ఫోటో మళ్ళీ చూశాడు. పదో తరగతి గట్టెక్కగానే, ఫ్లెక్సీలు అందించి వస్తాడులే అని బండి కొనిచ్చింది తనే. అప్పుడు వాడికి పదిహేనేళ్ళు. ఇప్పుడు ఊరు నవ్వుతుంది, అందరికంటే ముందు పుల్లయ్య నవ్వుతాడు. సరేనమ్మా, తీసెయ్యి అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. కంప్యూటర్ ముందు కూర్చుని తన ఫోటో ఒకటి వెతికి తీశాడు.

"ఇది నీ పెళ్ళినాటిది గదా!" అంది గాయత్రి.

"పరువెట్లాగూ పోతోంది. జుట్టన్నా ఉండనీ తల్లీ."

అక్షరాలు కొడుతుండగా ఉదయ్ కిరణ్ వచ్చాడు. స్క్రీన్ చూశాడు.

"నాయనా, నీది వద్దు. తాగింది నేను. నా ఫోటో వెయ్యి."

గురునాథం కీబోర్డు మీది చేతులు తీశాడు. కొడుకు వైపు తిరిగాడు.

"పిల్లోడి ఫోటో ఒక్కటే పెట్టి, దండేసి, కింద రెండు తేదీలు వేసే ఫ్లెక్సీలు ఈ ఏడాది మూడు తీసినా. మూడూ నీ ఈడోళ్ళవే. వాళ్ళ నాయనలు ఇదో, ఈ కుర్చీలోనే కూర్చుని, పేరులో తప్పులేమన్నా పడినాయేమోనని చూసి చెప్పినారు. నాకు భయమవుతోందిరా. ఆ పని నాకు పెట్టొద్దు నాయనా."

ఉదయ్ కిరణ్ బండి తాళం తీసి బల్ల మీద పెట్టాడు. మిషన్లోంచి ఫ్లెక్సీ బయటికి వచ్చేదాకా ఏడుస్తూ నిలబడ్డాడు. తర్వాత తండ్రి ముఖాన్ని చుట్టచుట్టి భుజాన పెట్టుకుని, బస్టాండులో కట్టడానికి నడిచే పోయాడు.