బుద్రికి తగ్గని చలిజ్వరం

కొండజ్వరానికి క్వినైన్ పనిచేయదని మైదానపు వైద్యులు కొందరు నేటికీ అంటూ ఉంటారు. ఆ మాట స్థిరపడిపోక ముందే, నేను కళ్లారా చూచిన ఒక ఉదాహరణను వ్రాసి ఉంచడం నా విధి అని భావిస్తున్నాను.

అది 1926వ సంవత్సరం. వానలు వెనుకబట్టిన రోజులు. అరకు లోయలోని ఒక చిన్న వైద్యశాలలో నేను సబ్ అసిస్టెంట్ సర్జన్‌గా ఉన్నాను. సుక్రు అనే కొండరైతు తన కూతురు బుద్రిని భుజాన వేసుకొని వచ్చాడు. ఎనిమిదేళ్ల పిల్ల, చలికి పళ్లు టకటకలాడుతున్నాయి. వేలికొన నుండి రక్తపు చుక్క తీసి, స్లైడ్ అనే గాజుపలకపై పరచి, మైక్రోస్కోప్‌లో చూచాను. ఎర్రకణాలలో మలేరియా పారసైట్, అనగా పరాన్నజీవి, స్పష్టంగా కనిపించింది. దీనిని ఒకరి రక్తం నుండి మరొకరికి చేర్చేది అనాఫిలిస్ అనే దోమ. వారానికి సరిపడ క్వినైన్ మాత్రలిచ్చి, పూటపూటకూ వేయమని చెప్పి పంపాను.

జ్వరం తగ్గి, మళ్లీ వచ్చింది. మళ్లీ ఇచ్చాను; మళ్లీ వచ్చింది.

“మాత్రలు పారవేశారా?” అని గద్దించాను.

“పారేత్తామా బాబూ! ఒక్క ముక్క నేలన పడనీనేదు,” అన్నాడు సుక్రు నొచ్చుకొని.

అతడు అబద్ధమాడే మనిషి కాడు. మరి మందు ఎందుకు ఓడుతున్నది? ఈ ప్రశ్న నన్ను వదలలేదు. ఇంతలో పిల్లకు స్పృహ లేదని కబురు వచ్చింది. మందులపెట్టె మోయించుకొని కొండ ఎక్కాను.

బుద్రి పెదవులు పాలిపోయి ఉన్నాయి, పిలిస్తే పలకలేదు. పక్కన కూర్చున్న సుక్రు తల్లిని, మాత్రలు ఎలా వేశారని అడిగాను.

“వాటాలేసినాం బాబూ. ఏట మాంసం ఊరికొస్తే గడపగడపకీ పంచుతాం గదా! కొండ దిగి తెచ్చిన మందు ఈ గుంట పిల్లొక్కతే తినీసిందంటే దోసం దానికే తగుల్తాది.”

మాత్రలను రాతిమీద చిదిపి ఊరంతటికీ సమానంగా పంచారట. బుద్రికి దక్కినది చిటికెడు.

“జ్వరం దానికి కదా! మీకెందుకు?”

“మాకు రాదా ఏటి? మొన్న నాకొచ్చింది, నిన్న ఆడికొచ్చింది,” అంటూ ముసలమ్మ గుమ్మంలో నవ్వుతూ నిలుచున్న పొరుగువాణ్ణి చూపింది. “సేదని ఉమ్మీసినాడు, సిగ్గునేనోడు!”

ఆచారం మీద వాదించే వ్యవధి లేదు. క్వినైన్ ద్రావణాన్ని సిరంజిలోకి ఎక్కించి, పిల్ల కండకు ఇవ్వబోయాను. ముసలమ్మ నా చేయి పట్టుకొన్నది.

“మరి మా వాటా?”

“నీకూ పొడవమంటావా?”

ఆమె సూదిని ఎగాదిగా చూచింది, మనుమరాలిని చూచింది. చేయి వదిలింది.

“దీన్ని అదొక్కతే తిననీ బాబూ. దోసం నా నెత్తినేసుకుంటాను. బేగి పొడిసీ.”

పిల్లకు తెలివి వచ్చేలోగా అక్కడి పిల్లల కడుపులు తడిమి చూచాను. చాలామందికి ప్లీహం పెరిగి గట్టిపడి ఉన్నది. దీనినే జనం ‘బల్ల’ అంటారు. పెద్దల రక్తం కూడా స్లైడ్ల మీద తీసి, తరువాత వైద్యశాలకు తెచ్చి పరీక్షిస్తే, ఆ నవ్విన పొరుగువాని రక్తంలోనూ పారసైట్లు ఉన్నాయి. బుద్రి ఒక్కతె మాత్రలన్నీ మింగి కోలుకొన్నా, వీరిని కుట్టిన దోమ ఆమెను మళ్లీ కుట్టేదే.

మరునాటి మధ్యాహ్నానికి బుద్రి కళ్లు తెరిచి అంబలి అడిగింది. తరువాత పై అధికారులను అర్థించి మందు తెప్పించాను. మనిషికి పూర్తి మోతాదే ఒక వాటా అని ఊరి ఎదుట ప్రకటించి పంచాను. ఒకరి వాటా జోలికి ఒకరు పోలేదు. పొరుగువాని చేత ముసలమ్మే దగ్గర నిలబడి మింగించింది. అందరూ తిన్నారు గనుక ఆమె మీది దోషం దిగిపోయిందని పెద్దలు తేల్చారు. ఆ చలికాలమంతా బుద్రికి జ్వరం తిరుగబెట్టలేదు.

మాత్ర నా చేతి నుండి రోగి నాలుక దాకా సాగే దారి తెలియనిదే చికిత్స పూర్తి కాదని అప్పుడు గ్రహించాను. అటుపై మందిచ్చిన ప్రతిసారీ, “దీనిని ఇంకెవరు తింటారు?” అని అడిగి గాని పంపలేదు. ఆ కొండల ఆచారాలను నాకన్న దగ్గరగా ఎరిగినవారు, ఈ వ్యాధి శాస్త్రాన్ని నాకన్న లోతుగా చదివినవారు, ఇందులోని నా పొరపాట్లను మొగమాటం లేకుండా దిద్దవలసినదిగా కోరుతున్నాను.