నేలకు పోసిన కడవ

ఓబుళ్‌రెడ్డి చావడిలో ఉన్న రేడియోకు రోజూ ఒక కడవ నీళ్లు పోయాలి. ఆ పని మా మేనత్త విశ్వాసమ్మది. ఆ కడవ మూలంగానే మా నాయన లేవిని కొట్టి చంపారు.

మా ఊరు కమలాపురానికి ఎగువన, పాపాఘ్ని ఒడ్డున ఉంది. యుద్ధం ముదిరిన రోజుల్లో సర్కారు మనిషి ఒకాయన రేడియో తెచ్చి చావడిలో పెట్టాడు. చావడి పైన రెండు వెదుళ్లు నాటి వాటి మధ్య తీగ లాగాడు. వెనక గోడ కింద గుంత తవ్వించి, బొగ్గు, ఉప్పు వేసి, రాగి రేకు ఒకటి పూడ్చి, దానికో తీగ కలిపాడు. నేల తడిగా ఉంటేనే పెట్టె సరిగ్గా పలుకుతుంది, లేకపోతే బుస కొడుతుంది, రోజూ ఒక కడవ పోయించండి అని చెప్పి వెళ్లాడు. రెడ్డి ఆ వెట్టి ఊరి బయటి మా పాళేనికి వేశాడు.

అత్త తనంతట తానే ఒప్పుకుంది. దానికి కారణం ఉంది. ఆమె పెనిమిటి ఏసేపును అంతకు కొన్నేళ్ల ముందు రెడ్డి కల్లంలో గింజలు మూట కట్టుకున్నాడని బండిచక్రానికి కట్టేసి కొట్టారు. ఆ దెబ్బలతోనే పోయాడు. ఆమె ఒక్కగానొక్క కొడుకు దావీదురాజు ఊళ్లో ఉంటే ఎవరినో ఒకరిని నరుకుతానని కడపకు పోయి పట్టాళంలో చేరాడు. బర్మా వైపు పంపారని కబురు వచ్చింది. అంతే, మళ్లీ ఏ కబురూ లేదు. పాళెం వాళ్లం చావడి ఎక్కకూడదు. కానీ నీళ్లు పోసే మనిషి గోడ వెనక గుంత దగ్గర నిలబడవచ్చు. అక్కడికి వార్తలు వినిపిస్తాయి.

రేడియో తిప్పేవాడు లాల్ అహమ్మద్. రెడ్డి జట్కా తోలేవాడు, బ్యాటరీలు కమలాపురం నుంచి తెచ్చేవాడూ అతనే. ఆమె వచ్చిన అలికిడి కాగానే వెనక కిటికీ రెక్క కాస్త తెరిచేవాడు.

"పోయమ్మా విశ్వాసమ్మా, దీని గొంతు ఆరిపోతాండాది. పొద్దన్నుంచి బుస కొడ్తానే ఉండాది, మా అత్త మాదిరి."

"మీ అత్త వింటే నీకు కూడు పెట్టదులే. బర్మా మాట ఏమన్నా చెప్పినాడా?"

"ఇంగా లేదు. నిలబడు, చెప్తాడు."

ఆమె నిలబడేది. కాళ్ల కింద తడి ఇంకిపోయేదాకా నిలబడేది.

ఆ ఏడు వాన లేదు. ఎండాకాలానికి ఏరు ఇసుకపర్ర అయింది. ఇసుకలో రెండు చెలమలు తవ్వుకున్నారు. ఎగువ చెలమ ఊరివాళ్లది, దిగువది మాది. దిగువ చెలమలో బురదనీళ్లే ఊరేవి, పురుగులు కదిలేవి. రేడియో నీళ్లు మాత్రం ఎగువ చెలమవే. అత్త దాన్ని తాకకూడదు గనక రెడ్డి మనిషి చిన్న ఈరన్న చెంబుతో ముంచి, పైనుంచి ఆమె కడవలోకి వంచేవాడు. ఆ తేట నీళ్లు ఎత్తుకుని ఆమె పాళెం పక్కగా నడిచి, పిల్లలు చూస్తుండగా, తీసుకుపోయి నేలకు పోసేది.

అప్పుడు మా ఇంట్లో ఒక బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయి. ఆ బిడ్డను నేనే. నాకేదీ జ్ఞాపకం లేదు, ఇదంతా అత్త నోట విన్నదే. మా నాయన దారికి అడ్డం నిలబడ్డాడంట.

"అక్కా, బురద తాగి నా బిడ్డ సస్తాండాది. నువ్వేమో మంచినీళ్లు మట్టికి పోస్తాండావు."

"పోయకుంటే పెట్టె పలకదురా. నా బిడ్డ ఉండాడో లేడో నాకెట్ల తెల్సాల?"

"నీ బిడ్డ యాడ్నో ఉండాడు. నా బిడ్డ ఈడుండాది. సూడు, కండ్లు తేలేసింది."

అత్త చూసింది. కడవలోని నీళ్లు మా గుడిసెలో కుండలోకి వంచింది. ఖాళీ కడవలో దిగువ చెలమ బురదనీళ్లు నింపుకుని పోయి గుంతలో పోసింది. పెట్టె ఎప్పటిలాగే పలికింది. లాల్ అహమ్మద్ కిటికీలోంచి ఆ నీళ్ల రంగు చూశాడు.

"నేలకు ఏ నీళ్లయితే ఏమి" అన్నాడు మెల్లిగా. "ఈరన్న కంట మాత్రం పడనీకు."

అలా కొన్నాళ్లు సాగింది. నేను తేరుకున్నాను. కానీ చావడి వాళ్లకు తడి ఒక్కటే లెక్క కాదు. చావడి పునాదిలోకి పాళెం నీళ్లు దిగడమంటే వాళ్లకు తమ వంటింట్లోకి దిగినట్టే.

ఒక సాయంత్రం బర్మా వార్త ఉందని చావడి నిండా జనం చేరారు. ఈరన్న ఉమ్మేయడానికి గోడ వెనక్కి వచ్చాడు. గుంత చుట్టూ ఎర్రబురద, అందులో మెదులుతున్న పురుగులు కనిపించాయి.

"ఏమే, ఇవి యాడి నీళ్లే?"

అత్త కడవను వెనక్కి దాచబోయింది. ఈరన్న ఆమెను జుట్టు పట్టి నేలకేసి కొట్టాడు. కడవ పగిలింది. ఆ పెంకుతోనే ఆమె చెంప చీరాడు. కేక విని మా నాయన పరుగెత్తుకు వచ్చాడు.

"ఆడమనిషిని ఇడ్సు ఈరన్నా! నీళ్లు మార్సింది నేను. బిడ్డ కోసరం మార్సినా. నన్ను కొట్టు."

కొట్టారు. ఈరన్న ఒక్కడే కాదు, చావడి దిగి వచ్చినవాళ్లూ కొట్టారు, కట్టెలతో, కాళ్లతో. మా నాయన ఒకసారి లేచాడు. రెండోసారి మోకాళ్ల మీదికి మాత్రం రాగలిగాడు. లోపల్నుంచి ఓబుళ్‌రెడ్డి గొంతు వినిపించింది.

"ఏమప్పా లాలూ, ఆ కుక్క అరుపుల్లో ఒక్క మాట వినపడ్డంలే. పెంచు దాన్ని."

"సామీ, బయట మనిషి సచ్చిపోతాండాడు..."

"పెంచమంటి."

లాల్ అహమ్మద్ పెంచాడు. అత్త అన్నేళ్లుగా గోడకు చెవి పెట్టి వెతుక్కున్న బర్మా మాట ఆ వేళ ఊరంతా మోగింది. రంగూను మన సైన్యం చేతికి వచ్చిందని పెట్టె గట్టిగా చెబుతోంది. ఆమె ఒడిలో తమ్ముడి తల ఉంది. చెవిలోంచి నెత్తురు ఆమె చీర మీదికి కారుతోంది. దాహమన్నాడు. చుట్టూ ఉన్నవి గుంతలో ఇంకుతున్న ఆ నీళ్లే. కొంగు వాటిలో ముంచి ఆయన నోట పిండింది.

నాయనను పూడ్చి వచ్చిన మర్నాడు పట్టపగలు అత్త గడ్డపార తీసుకుని చావడి వెనక్కి పోయి ఆ గుంత తవ్వింది. రాగి రేకు చేతికి తగిలేసరికి ఈరన్న వచ్చి పడ్డాడు. ఆమె గడ్డపార తిప్పి వాడి మోకాలి మీద వేసింది. ఎముక విరిగిన చప్పుడు చావడిలోకి వినిపించిందంట. మిగతావాళ్లు ఆమె కుడిచెయ్యి రాతి మీద పెట్టి పగలగొట్టారు. ఆ చెయ్యి మళ్లీ కడవ ఎత్తలేదు. చంపేవాళ్లే. లాల్ అహమ్మద్ ఆమె మీద అడ్డంగా పడి, దెబ్బలు సగం తన వీపున కాసుకుని, ఎత్తి జట్కాలో వేసుకుని కమలాపురం ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఆ రోజుతో రెడ్డి కొలువూ వదిలేశాడు.

రేకు మళ్లీ పూడ్చారు. నీళ్లు పోసేవాళ్లు దొరకలేదు. పాళెం నుంచి ఒక్కరూ పోలేదు. ఊరివాళ్లు ఆ వెట్టి చేయడం తమకు తలవంపులు అనుకున్నారు. నేల ఎండింది, పెట్టె బుస కొట్టీ కొట్టీ ఊరుకుంది. యుద్ధం అయిపోయిందని మా ఊరికి రేడియో చెప్పలేదు. కమలాపురం సంతకు పోయిన బండివాళ్లు చెప్పారు.

మరుసటి ఎండాకాలం దావీదురాజు ఇసుకలో నడిచి వచ్చాడు. అప్పటికి గాయాలు మాని పాళెం చేరిన అత్త వాడి ముఖమంతా ఎడమ చేత్తో తడిమింది. నేను చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చానంట. వాడు తాగి, చెంబు దించి అడిగాడు.

"మామ యాడమ్మా? నీ చెయ్యేమి ఇట్లుండాది?"

చెప్పింది, ఏదీ దాచకుండా. వాడు లేచి మూలనున్న గడ్డపార అందుకున్నాడు. అత్త పోయి గడపకు అడ్డంగా పడుకుంది.

"నన్ను తొక్కి పో."

"లెయ్ మా. ఆ కుంటినాకొడుకును ఏట్లో పూడ్సి వస్తా."

"పూడుస్తావు. నిన్ను వాళ్లు పూడుస్తారు. నీ కబురు కోసరం శానా నీళ్లు పోస్తి నాయనా. ఇంగ పొయ్యలేను. నాకు చెయ్యి లేదు."

వాడు గడ్డపారతో గుడిసె నడిమి గుంజను కొట్టాడు. మళ్లీ మళ్లీ కొట్టాడు. గుంజ విరిగి, కప్పు ఒక పక్కకు ఒరిగింది. అత్త గడప మీంచి లేవలేదు. పొద్దు వాలేవేళకు వాడు వచ్చి ఆమె పక్కన, అదే గడప మీద కూలబడ్డాడు.