కార్డు కింద పేరు

జనగామ బస్టాండు ఎదుటి కార్డుల దుకాణంలో, ప్లాస్టిక్ కుర్చీ మీద వెన్ను నిటారుగా పెట్టుకొని కూర్చున్నాడు లైన్‌మన్ రాజలింగం. నెలాఖరుకు కొలువు దిగిపోతున్నాడు. ఊరి బడిలో ఏడో తరగతి చదివి, హెల్పరుగా చేరి, లింగాల ఘనపూర్ చుట్టుపక్కల పల్లెలకు వెలుగు పంచి, మూడు శాలువాలు కప్పించుకొన్న మనిషి. అంతటివాడు చడీచప్పుడు లేకుండా దిగిపోతే ఏం బాగుంటుంది? తను వెలిగించిన ఊళ్లన్నిటినీ పిలిచి దావత్ ఇయ్యాలి. అందుకే ఈ కార్డు.

“రాయి బిడ్డా. జాల్యా తండాకు మొట్టమొదట కరెంటు ఇచ్చిన ఘనులు. తీగ గుంజి బుగ్గ వెలిగిస్తే ఆడోళ్లు నా కాళ్లు కడిగిన్రు. గది గూడ రాయి.”

కంప్యూటర్ ముందున్న ప్రవళిక నవ్వింది. “కాళ్లు కడిగిన ముచ్చట కార్డుల ఎవరు రాస్తరు తాతా?”

“తాత ఎవరే? నాకింక నెలాఖరు దాక సర్వీసుంది.”

“సరే కాకా, చెప్పు.”

“గాలివానకు స్తంభాలు పడి ఊర్లన్ని చీకటైతే, తెల్లారేసరికి కరెంటు తెచ్చిన ధీరులు. కలెక్టర్ చేతుల మీదుగా ప్రశంసాపత్రం పొందినవారు. సర్పంచ్ పిలిచి జెండా పండుగ నాడు...”

“ఆగు కాకా. దావత్ ఎప్పుడో, ఏడనో రాసే జాగ లేదు. గిది కార్డా, చరిత్ర పుస్తకమా?”

“అక్షరాలు చిన్నగ చెయ్యి. ఒక్క ముక్క తియ్యద్దు.”

అక్షరాలను కుదించుకుంటూ ప్రవళిక కార్డు అడుగుకు వచ్చింది. ‘ఆహ్వానించువారు’ అని కొట్టి ఆగింది.

“కింద ఎవరి పేరు?”

“దావత్ నాదే గద.”

“నీ పేరు పైన పెద్దగ ఉంది. ఎవరి సన్మానానికి వాళ్లే పిలుసుకోరు కాకా. కొడుకో, అల్లుడో, దావత్ నాడు గేటు కాడ నిలబడి చేతులు జోడించి ‘రండ్రి’ అనేటోళ్లుంటరు గద. వాళ్ల పేరు.”

రాజలింగానికి ఆ పద్ధతి తెలియనిది కాదు. తన కార్డు కింద కూడా ఒక పేరు కావాలన్న సంగతే ఇన్నాళ్లూ తట్టలేదు. అతనికి పిల్లలు లేరు.

“మా ఇంటామె పేరు పెట్టు. మైసమ్మ.”

“మంచిగుంటది. చిన్నమ్మ ఇంటికాడనే ఉంటదా?”

“పోయింది.”

ప్రవళిక చేతులు మీటల మీద నుంచి తీసింది. “పోయినోళ్ల పేరు ఆశీస్సుల కాడ పెడ్తరు కాకా. పైన పెట్టనా?”

“పెట్టు. కింద జర ఆగు.”

దుకాణం మెట్టు మీదకు వచ్చి బయ్యారంలో ఉన్న అన్న కొడుకు తిరుపతికి ఫోన్ చేశాడు. అన్న పోయాక రక్తం పంచుకున్నవాడు అతనొక్కడే. అవతల ట్రాక్టర్ మోత.

“తిరుపతీ, దావత్ కార్డు మీద నీ పేరు పెడ్తున్నరా. పిలిచేటోళ్ల కాడ.”

“పెట్టుకో కాకా. పేరుకేముంది.”

“ఆ పూట జల్ది రావాలె. గేటు కాడ నిలబడాలె.”

ట్రాక్టర్ మోత ఆగిపోయింది. “గదే కుదరదు కాకా. కోతలు నడుస్తున్నయి.”

“ఒక్క పూటనే గదరా. మీ నాయిన లేడు. నీకు నేను నాయిన లెక్క.”

“నాయిన జాగల కూసోమనే నా లగ్గానికి పిలిస్తిమి కాకా. చిన్నమ్మ ఒక్కతే పీట మీద కూసున్నది. పక్క పీట లగ్గం అయ్యేదాక ఖాళీనే ఉండె. నువ్వు స్తంభం మీద ఉంటివి.”

“గాలివానరా! ఊర్లన్ని చీకటాయె!”

“అవును. తెల్లారేసరికి అందరికి కరెంటొచ్చింది.” ఆ గొంతులో కోపం లేదు. కోపముంటే రాజలింగం బతిమాలి చల్లార్చేవాడే. “పేరైతే పెట్టుకో కాకా. నేనైతే రాను.”

తిరిగి లోపలికి వచ్చేసరికి ప్రవళిక ఎదురుచూస్తోంది. “దొరికిండా? ఏం పేరు?”

తిరుపతి పేరు చెప్పేద్దామని నోటి దాకా వచ్చింది. ఆ పేరు చూసుకొని వచ్చిన చుట్టాలు గేటు దగ్గర ‘ఏడి తిరుపతి?’ అని అడుగుతారు. తను సన్మానం కుర్చీలో దండ వేసుకొని కూర్చుంటాడు. ఎవరు జవాబు చెప్తారు?

“దొరకలే.”

“ఎవరు లేనోళ్లకు ‘బంధుమిత్రులు’ అని కొడ్తం కాకా.”

“బంధుమిత్రులంటే ఎవరు బిడ్డా? గేటు కాడ ఎవరు నిలబడ్తరు?”

రాజలింగం తెర మీదికి వంగి ‘ఆహ్వానించువారు’ కింది ఖాళీని వేలితో చూపించాడు.

“నా పేరే కొట్టు. కింద గూడ.”

“నవ్వుతరు కాకా.”

“నవ్వుటానికైనా వస్తరు గద. దండ తర్వాత ఏసుకుంట. ముందుగాల గేటు కాడ నేనే నిలబడుత.”

పైన పెద్దగా రాజలింగం, అడుగున చిన్నగా రాజలింగం. నడుమ అతని ఘనకార్యాలన్నీ చీమల బారులా ఇరుక్కున్నాయి. ప్రవళిక నమూనా కాయితం ఒకటి తీసి ఇచ్చింది. అతను అద్దాలు పెట్టుకొని రెండుసార్లు చదివి, జేబులోని పెన్ను తీసి, ఆమె పేరు అడిగి దాని మూలన రాశాడు.

“మొదటి పిలుపు నీకే బిడ్డా. అమ్మానాయినలను తోల్కరా.”

“చూస్త కాకా,” అంది ఆమె, ఇంకో గిరాకీ వైపు తిరుగుతూ.

చూస్త అంటే ఏమిటో రాజలింగానికి తెలుసు. కొలువంతా ఎవరు కార్డు ఇచ్చినా, డ్యూటీ చూసుకొని వస్తనని అతనూ చెప్పాడు.

బయట ఘనపూర్ బస్సు హారన్ కొట్టింది.

“కాకా, నీ బస్సు.”

“పోనీ. ఇంకోటుంటది. కార్డులు అచ్చయ్యేది జర చూసిపోత.”

“అచ్చు రేపు గద!”

“ఎరుకనే,” అన్నాడు రాజలింగం, కుర్చీని ఫ్యాను కిందికి జరుపుకుంటూ.