గేరు రాడ్డు మీద చెయ్యి

మా కారు గేర్‌బాక్సు నేనే పాడుచేశానని మా ఊళ్లో అందరూ చెప్పుకుంటారు. ఆడది తోలితే అంతే మరి అని ముక్తాయింపొకటి. తోలింది నేనే, పాడైన మాటా నిజమే. మధ్యలో ఒక మనిషి ఇచ్చిన సలహాను మాత్రం అందరూ కలిసి మింగేశారు.

మా ఆయనకు, అంటే మా మేనబావకి, కిడ్నీలు పోయి రెండేళ్లు. వారానికి మూడు రోజులు డయాలసిస్. అక్కుపల్లి పక్కనున్న మా ఊరి నుంచి ఏడింటికల్లా పలాస ఆస్పత్రిలో ఉండాలి. ఒక్కసారి తప్పితే కాళ్లు ఉబ్బుతాయి, పడుకుంటే ఊపిరాడదు. ఆ పాత కారు కొన్నది అందుకే. నలభై ఏడేళ్ల వయసులో నేను డ్రైవింగు నేర్చుకున్నదీ అందుకే.

మొదట మూడో గేరు దానంతటదే జారిపోవడం మొదలైంది. పలాసలో షెడ్డుకి తీసుకెళ్లాం. మెకానిక్ ఓ చుట్టు తోలి చూసి, "ఇప్పుడు గేర్‌బాక్సు ఇప్పితే నాలుగు రోజులు బండి ఇక్కడే ఉండిపోద్దమ్మా. మూడో గేరులో రాడ్డుని సేత్తో గట్టిగా పట్టుకోండి, ఏటీ అవదు" అన్నాడు.

నాలుగు రోజులంటే రెండు డయాలసిస్‌లు. బండి అలాగే వెనక్కి తెచ్చేసుకున్నాం.

గతుకుల రోడ్డు, కొత్త చెయ్యి. స్టీరింగు వదిలితే నాకు భయం. అందుకని పక్క సీట్లోంచి బావే కుడిచేత్తో రాడ్డు నొక్కి పట్టుకునేవాడు. సూదులు గుచ్చే ఎడమ చెయ్యి ఒళ్లో ఉండేది. జీడితోటల మధ్య నెలన్నర అలా తిరిగాం. "స్టీరింగు నీది, గేరు నాది" అని నవ్వేవాడు. తరవాత రాడ్డు కింద గరగర. ఒక మంగళవారం డయాలసిస్ అయ్యాక బండి తీస్తే రెండో గేరు కూడా పడలేదు. మొదటి గేరులోనే పాకుతూ షెడ్డు చేరాం.

మెకానిక్ గేర్‌బాక్సు దించి, అరిగిన ఇనుపముక్క ఒకటి చూపించాడు. గేరును లోపల కదిపేది అదేనట.

"రాడ్డు మీద సెయ్యేసి తోల్తన్నారా? అలగ నొక్కితే ఇది అరిగిపోదేటి? ఎవులు సెప్పినారమ్మా మీకు?"

"నువ్వే!"

"నేనా? నేనెందుకు సెప్తాను? మీరేటో మర్సిపోనారు."

"ఇదే స్టూలు మీద కూకుని సెప్పావు. బావా, పక్కనే ఉన్నావు గదా, సెప్పు!"

బావ చేతికున్న పట్టీ సర్దుకున్నాడు. "పోనీలేవే. బాబూ, బండెప్పుడిస్తావు?"

"పార్టు రావాలండి. శనివారం."

తరవాతి డయాలసిస్ గురువారం. ఆ రోజు ఐదున్నరకి వస్తానన్న ఆటో ఆరున్నరకి వచ్చింది. ఆ గంటా నేను ఇంటికీ రోడ్డుకీ తిరుగుతూనే ఉన్నాను. బావ అరుగు మీద నోరు తెరిచి గాలి పీల్చుకుంటున్నాడు. ఆస్పత్రిలో ఆయన మంచం ఇంకెవరికో ఇచ్చేశారేమోనని దారంతా ఆటో అబ్బాయిని తొందరపెడుతూనే ఉన్నాను. ఇవ్వలేదు. మిషను తిరగడం మొదలయ్యాక ఉండబట్టలేక అడిగాను:

"ఆ మాట నువ్వు విన్నావా, లేదా?"

"వినకేటి? ఇంక ఊరుకోవే" అని కళ్లు మూసుకున్నాడు.

మెకానిక్‌కి కోపమొస్తే బండి ఇంకా ఆలస్యమవుతుందని బావ ఆ రోజు ఊరుకున్నాడనుకుందాం. బండి వచ్చి మూడు నెలలైంది. మా వీధి అరుగు మీదే కూర్చుని నా డ్రైవింగు మీద జోకులేసేవాళ్లకి, నొక్కింది తన చెయ్యేనని ఇప్పుడు చెప్పడానికేం?