అక్క కనిపెట్టిన పద్ధతి, నేను కోసిన రూపాయి

అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షల పిల్లలకు నోట్సు జిరాక్సు తీసి, స్పైరల్ బైండింగు చేసిచ్చే దుకాణం నాది. చిక్కడపల్లిలో గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. ఆటోవాడితో బేరమాడకుండా దిగితే ఆ పూట నాకు అన్నం సహించదు.

బైండింగు చేసే అక్కకు పుస్తకానికి ఐదు రూపాయలు ఇచ్చేవాణ్ణి. రోజుకు నలభై చేసేది. సాయంత్రాలు నారాయణగూడలో ఒక హాస్టల్లో గిన్నెలు తోమేది. ఈమధ్య పొద్దున గిరాకీ లేని వేళలో అట్టలన్నిటికీ ముందే చిల్లులు కొట్టి, స్పైరళ్లు లావువీ సన్నవీ వేరుచేసి పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పలేదు, తనకే తోచింది. వారం తిరిగేసరికి రోజుకు అరవై పుస్తకాలు.

“అన్నా, ఇగ మూడొందలు వస్తున్నయి. గిన్నెల పని బంద్ జేస్త అని హాస్టలోళ్లకు చెప్పేసిన,” అంటూ సబ్బునీళ్లకు ఒరిసిపోయిన వేళ్లు చూపించింది.

నేను వేళ్లు చూడలేదు, మూడొందలు చూశాను.

“పని అల్కగయింది గద అక్కా. పుస్తకానికి నాలుగు చేసుకుందం. అయినా నీకు ముందటికంటె నలభై ఎక్కువనే.”

“అల్కగ చేసింది నేనే గద అన్నా?”

“దుకాణం నాది గద.”

“మంచిగ చెప్పినవ్. ఇంకో ఉపాయం తోస్తె నీకు జెప్పను తియ్.”

పిల్లల దగ్గర మాత్రం పుస్తకానికి ఎప్పటిలాగే ముప్పై తీసుకున్నాను. ఆ సాయంత్రమే నేను కొన్న ఒక కంపెనీ షేరు పెరిగింది. అంతే మందితో ఎక్కువ సరుకు తీస్తున్నారట. ఆ మందికి జీతాలు పెరిగాయో లేదో వార్తలో లేదు. అడగాలని నాకూ తోచలేదు. పావుకిలో జిలేబి తెప్పించుకుని తిన్నాను.

సోమవారం అక్క వచ్చి, కాగితం ముట్టుకునే ముందు వేళ్లకు కొబ్బరినూనె రాసుకుని కొంగుతో తుడుచుకుంది. మళ్లీ పగుళ్లు. హాస్టల్‌కు వెళ్లి, మళ్లీ పనిలో పెట్టుకోమని అడిగిందట.

“పెట్టుకుండ్రు. ఒకసారి మానేస్త అన్నవ్ గదా అని జీతంల జర కోసిండ్రు. మీరంత ఒక్క బడిలనే చదివిన్రా అన్నా?”

సర్దిన కాగితాలే మళ్లీ సర్దాను. ఐదు ఇస్తానందామని నోరు తెరిచాను.

“నాలుగున్నర చేసుకుందం అక్కా,” అన్నది నా నోరు.

ఐదు అడుగుతుందని ఎదురుచూశాను. అడిగితే వెంటనే ఒప్పుకునేవాణ్ణి, ఒట్టు. ఆమె బేరమాడలేదు. “సరే అన్నా,” అని అట్ట అందుకుంది.

ఇప్పటికీ నాలుగున్నరే ఇస్తున్నాను.