మా అరుగు మీద చదివిన కథకు ఆఖరి పేజీలు లేవు

మా చిన్నప్పుడు... గోపాల్‌పేట దగ్గర మా ఊళ్లో, యాసంగి విత్తనాల కోసం పల్లికాయలు ఒలిచే రోజులవి. సాయంత్రం నేను బడి నుంచి వచ్చే వేళకు వాడకట్టు ఆడవాళ్లంతా మా అరుగు మీదికి చేరేవాళ్లు. మధ్యలో కాయల కుప్ప, ఒక్కొక్కరి ముందు ఒక చాట... మూలకు నేను, ఒళ్లో పుస్తకం. అప్పుడు ఏడో తరగతి. ఆ అరుగు మీద ఒక్క కాయ కూడా ఒలవకుండా దర్జాగా కూర్చునేది నేనే, ఎందుకంటే చదవడం వచ్చింది నాకొక్కదానికే.

పుస్తకమంటే కొన్నది కాదు. కిరాణం సేటు పొట్లాలు కట్టడానికి పాత వారపత్రికలు తెచ్చేవాడు. మా అమ్మ ఆయన్ని బతిమాలి, వాటిలోంచి సీరియల్ పేజీలు ఏరి, దబ్బనంతో కుట్టేది. అమ్మకు అక్షరాలు రావు, అంకెలు వచ్చు... ఎన్నో భాగమో చూసి వరుసగా పేర్చేది.

ఒక్కొక్కరిది ఒక్కో రుచి. మా నాయనమ్మకు దయ్యాలు కావాలి. ఎదురింటి పద్మక్కకు హత్యలు, పోలీసులు. ఇద్దరికీ రోజూ పంచాయితీ. పక్కింటి బాలమ్మత్త మాత్రం ఎప్పుడూ ఏదీ అడిగేది కాదు. ఏది చదివినా తల వంచుకుని వినేది...

ఒకసారి ఇద్దరు అక్కచెల్లెళ్ల కథ దొరికింది. ఏదో మాటపట్టింపుతో ఏళ్ల తరబడి మాటల్లేవు వాళ్లకు. అది మొదలుపెట్టిన రోజు నుంచి బాలమ్మత్త అందరికంటే ముందొచ్చి కూర్చునేది. "ఆగకు బిడ్డా... జల్ది చదువు, తర్వాతేమైందే?" అని నన్ను ఊపిరి తీసుకోనిచ్చేది కాదు.

ఆమెకూ ఉప్పునుంతలలో ఒక అక్క ఉందని మా ఊరందరికీ తెలుసు. తల్లి పోయినప్పుడు ఆ అక్క కబురు ఆలస్యంగా పంపింది. ఈమె పోయేసరికి అంతా అయిపోయింది, ఆఖరి చూపు దక్కలేదు. అప్పటినుంచి తొమ్మిదేళ్లుగా మాటల్లేవు.

తీరా చివరికొచ్చేసరికి చూస్తే... ఆఖరి భాగం లేదు! ఎవరింట్లోనో కందిపప్పు పొట్లమైపోయింది. అందరూ చేతులాపి నా మొహం చూస్తున్నారు. పేజీలు లేవంటే నన్నూ చాట ముందు కూర్చోబెడతారు. అందుకని, నిజం చెప్పొద్దూ, ఒలవాల్సి వస్తుందన్న బద్ధకంతోనే... పాత పేజీ మీద కళ్లుపెట్టి, చదువుతున్నట్టే గడగడా చెప్పేశాను. చెల్లెలు బస్సెక్కి పోయింది, అక్క దర్వాజ తీసింది, ఇద్దరూ కలిసిపోయారు. అయిపోయింది.

పద్మక్క "ఇంతేనా" అని మూతి తిప్పింది. బాలమ్మత్త చాట పక్కన పెట్టి లేచి వెళ్లిపోయింది.

మరుసటి రోజు ఆమె రాలేదు. రెండోరోజు నేను బడి నుంచి వస్తుంటే దారిలో ఆపింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఉప్పునుంతలకు పోయిన బిడ్డా. దర్వాజల్నే నిలవడ్డ... నోరు రాలె. అక్క నన్ను జూసి లోపటికి పోయింది. ఏం జేసేది, తిరిగొచ్చిన. గా కథల చెల్లె ముందుగాల ఏమన్నదే? గది మల్ల చదువు. నేను మంచిగ ఇనలేదేమో."

నేను ఆడిన అబద్ధాన్ని నమ్ముకుని ఆమె రెండు బస్సులు మారి పోయింది, మొహం చిన్నబుచ్చుకుని తిరిగొచ్చింది. ఏడుపు ఆగలేదు నాకు.

"అత్తా... గది పుస్తకంల లేదు. ఆఖరు పేజీలే లెవ్వు. నేనే జెప్పిన."

తిడుతుందనుకున్నాను. కొంగుతో నా ముక్కు తుడిచింది. "గట్లనా... మరి నువ్వే జెప్పు. అంత జెప్పినదానివి, గీ ఒక్క మాట జెప్పలేవా?" అంది.

నాకేం తెలుసు? బడి నుంచి వస్తున్నాను, కడుపు కాలుతోంది. తోచింది చెప్పాను.

"ఆకలైతుంది, ఇంత అన్నం పెట్టక్కా... అను అత్తా."

వారం తర్వాత కాయలు ఒలిచేటప్పుడు బాలమ్మత్త మా అరుగు ఎక్కింది. వెనకాలే మరొకావిడ... అదే ముక్కు, అవే కళ్లు, జుట్టు మాత్రం నెరిసింది. వస్తూనే ఒక చాట ముందుకు లాక్కుని, "ఏది, గా కథ జెప్పిన పిల్ల? నాకు గూడ ఇనిపియ్యి, మొదటికెల్లి" అంది.

మొదటి నుంచి చదివాను. చివరికొచ్చాక, లేని పేజీల కథ మళ్లీ చెప్పాను. ఈసారి అన్నం పెట్టమన్న మాట కూడా కలిపాను. అక్కచెల్లెళ్లిద్దరూ తలలెత్తలేదు... వాళ్ల చేతుల్లో కాయలు అలాగే ఉండిపోయాయి.

ఇప్పుడు నేను గద్వాలలో ఉంటున్నాను. కాయలు ఒలవడానికి మిషన్లొచ్చాయి, ఏడాది విత్తనం ఒక పూటలో తేలిపోతుంది. చదువుకునే వాళ్లం కలిసి ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. ఆదివారం వస్తే చాలు, ఎవరేం చదువుతున్నారో ఫోటోలు పెడతాం.

పోయిన ఆదివారం నాగర్‌కర్నూల్ నుంచి ఒకావిడ ఒక పాత పుస్తకం ఫోటో పెట్టింది. అట్ట మీద మా సీరియల్ బొమ్మే, చూడగానే గుర్తుపట్టాను. ఆ అక్కచెల్లెళ్ల కథే! కింద ఆమె రాసింది... "చివరిదాకా వాళ్లిద్దరూ కలవనే కలవరు. ఏడుపొచ్చింది. ఎవరికైనా కావాలంటే పంపిస్తాను."

బాలమ్మత్త లేదు, వాళ్లక్కా లేదు ఇప్పుడు. తర్వాత కామెంట్ పెట్టాను... "నాకొద్దండీ. వాళ్లు కలిశారు. మా అరుగు మీద నేను చూశాను."

మీరేం చదువుతున్నారో చెప్పండి, సంతోషమే... దాన్ని ఎవరికి చదివి వినిపిస్తున్నారో కూడా చెప్పండి. నా అల్మారా నిండా ఇప్పుడు ఆఖరి పేజీలున్న పుస్తకాలే. "తర్వాతేమైందే" అని అడిగేవాళ్లే ఎవరూ లేరు...