పెద్దల్లుడి హిప్నాటిజం

మా అత్తగారి మర్యాదను నా మంత్రశక్తి అనుకున్నాను. నా తెలివితక్కువతనం గురించి ఒక్క వాక్యంలో చెప్పమంటే ఇంతే. వివరంగా చెప్పాలంటే సిగ్గు కాస్త పక్కన పెట్టాలి. అదేమంత బరువు కాదు లెండి, పదకొండేళ్ళు స్టేజీ ఎక్కినవాడి దగ్గర సిగ్గు పెద్దగా మిగలదు.

నేను మలేషియాలో బంటింగ్ అనే ఊరి దగ్గర రబ్బరు గ్లౌజుల ఫ్యాక్టరీలో పనిచేస్తాను. గ్లౌజులో నీళ్ళు నింపి, వేలాడదీసి, ఎక్కడ కారుతోందో చూడడం నా ఉద్యోగం. ఆదివారాల్లో మాత్రం మెంటలిస్టుని. అంటే మీరు మనసులో తలచుకున్న అంకె చెబుతాను, కవరులో పెట్టిన చీటీని తెరవకుండా చదువుతాను, చెంచాలు వంచుతాను. ఇందులో మంత్రమేమీ లేదు. కొంత చేతివాటం, కొంత నోటివాటం. విజిటింగ్ కార్డు మీద 'మెంటలిస్ట్' అని అచ్చు వేయించుకుని తెస్తే మా ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, "మొదటి సగం కరెక్టుగానే ఏసినాడు" అంది.

మా ఊళ్ళో తెలుగువాళ్ళ సంఘం ఏటా ఒక ఆదివారం ఫ్యామిలీ డే జరుపుతుంది. పొద్దున్న పిల్లల డాన్సులు, తరవాత పెద్దల కరావోకే, లక్కీ డ్రా, భోజనం. లక్కీ డ్రాకీ భోజనానికీ నడుమ ఒక పావుగంట నాది. సంవత్సరమంతా నేను చిల్లుల కోసం చూస్తాను. ఆ పావుగంట హాలునిండా జనం నా వంక చూస్తారు. వాళ్ళు చూసేదీ చిల్లుల కోసమే అనుకోండి, అయినా నా వంకే కదా చూస్తున్నారు! ఆ పావుగంట లేకపోతే నేను ఒట్టి గ్లౌజుల మనిషిని.

ఆ ఏడాది ఫ్యామిలీ డేకి మూడు నెలల ముందు సంఘం ప్రెసిడెంటు ఫోన్ చేశాడు. మలాయివాళ్ళలాగా మాట చివర 'లా' తగిలించడం అతని అలవాటు.

"అన్నియ్యా, ఈ పాలి కొత్తదేటైనా ఉందా? మళ్ళీ సెంచాలొంచితే కేటరింగోడు ఏడుస్తాడు లా. జుంబా ఆడోళ్ళు ఆ టైము తమకిచ్చీమని అడుగుతున్నారు."

జుంబా! పదకొండేళ్ళ నా పావుగంట గెంతులపాలు కాబోతోంది. ఆ క్షణంలో నా నోట్లోంచి వచ్చిన మాట నాకే కొత్తగా వినిపించింది.

"హిప్నాటిజం సేస్తాను."

"నీకొచ్చా?"

"రాకపోతే సెప్తానా?"

రాదు. అందుకే నేర్చుకోవడానికి బయల్దేరాను.

నేర్పించేవాడు సైబర్‌జయలో దొరికాడు. ఒక ఆఫీసు భవనంలో మీటింగు గది శనివారాలు అద్దెకు తీసుకుని క్లాసు నడిపేవాడు. బోర్డు మీద వారమంతా ఏదో సాఫ్ట్‌వేరు కంపెనీవాళ్ళు గీసిన బాణాలూ డబ్బాలూ ఉండేవి. ఆయన వాటిని తుడిచేవాడు కాదు, అవి కూడా హిప్నాటిజంలో భాగమన్నట్టు మధ్యమధ్య వాటివైపు చెయ్యి చూపించేవాడు. మావాడే. వాళ్ళ తాత కూడా మా తాతలాగే ఎస్టేటులో చీకటితో లేచి రబ్బరు చెట్లు గీసి పాలు పట్టినవాడే. మనవడు నల్ల చొక్కా, నల్ల ప్యాంటు, నల్ల బూట్లు వేసుకుని, విమానంలో సీటు బెల్టు కట్టుకోమని చెప్పే గొంతు ఒకటి సంపాదించాడు. తనను 'మాస్టర్' అని పిలవమన్నాడు. పేరు పక్కన ఉండవలసిన డిగ్రీ పేరునే మింగేసింది.

క్లాసులో ఏడుగురం. ఇద్దరు ఇన్సూరెన్సు ఏజెంట్లు, ముగ్గురు మంచినీళ్ళ ఫిల్టర్లు అమ్మేవాళ్ళు, ఒకావిడ ఇళ్ళు అమ్మిపెట్టేది. వీళ్ళెవరికీ జనాన్ని నిద్రపుచ్చే అవసరం ప్రత్యేకంగా లేదు, మాట్లాడడం మొదలుపెడితే చాలు. అయినా ఎదుటివాడి మనసు లొంగదీసుకునే కిటుకు కావాలని వచ్చారు. వాళ్ళని చూసి నేను లోపల్లోపల నవ్వుకున్నాను. ఫీజు అందరం ఒకటే కట్టామన్న సంగతి నవ్వేటప్పుడు గుర్తు రాలేదు.

మొదటి రోజే మాస్టర్ మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి నిద్రపుచ్చాడు. కళ్ళు మూసుకోమన్నాడు. రెప్పలు బరువెక్కుతున్నాయన్నాడు, బంక పెట్టినట్టు అతుక్కుపోయాయన్నాడు. "ఇప్పుడు తెరవడానికి ప్రయత్నించండి, తెరవలేరు" అన్నాడు. నేను తెరవగలను, ఆ సంగతి నాకు స్పష్టంగా తెలుసు. కానీ పక్కన ఆరుగురూ బుద్ధిగా మూసుకుని ఉన్నప్పుడు నేనొక్కణ్ణీ తెరిస్తే ఏం బాగుంటుంది? మూసుకునే ఉన్నాను. తరవాత ఒక్కొక్కరినీ అనుభవం చెప్పమన్నాడు. ఫిల్టర్లు అమ్మే ఆయన జలపాతం చూశానన్నాడు, వృత్తిధర్మం. ఇళ్ళు అమ్మే ఆవిడ పెద్ద భవంతి చూసింది. నా వంతు వచ్చేసరికి "గాల్లో తేలాను మాస్టర్" అన్నాను. గాల్లో తేలడం దేవుడెరుగు, నా ఎడమకాలు తిమ్మిరెక్కి నేలమీదే ఆనడం లేదు.

నాలుగు శనివారాలయ్యాక సర్టిఫికెట్ ఇచ్చాడు. దాని మీద బంగారు రంగు సీలు జామ్ సీసా మూతలా మెరిసేది. ఇంట్లో గోడకు తగిలించబోతే మా ఆవిడ, "ఫ్యాన్ గాలికి ఎగిరిపోద్ది. గ్లౌజులో పెట్టి ఏలాడదియ్యండి, కారితే తెలస్తాది" అంది.

ఇక మనుషుల మీద సాధన చెయ్యాలి. ఎవరు దొరుకుతారు? అత్తగారి ఇల్లు. నేను ఆ ఇంటికి పెద్దల్లుణ్ణి. మా వాళ్ళలో పెద్దల్లుడు ఇంటికొస్తే కోడి కూర మొదటి గరిటె అతనికి, ఫ్యాను కింద కుర్చీ అతనికి, అతను వేసే జోకుకి నవ్వు మాత్రం అందరికీ. ఈ ఏర్పాటు ఇరవై ఏళ్ళుగా అనుభవిస్తూ కూడా దానికీ హిప్నాటిజానికీ సంబంధం ఉండొచ్చని నా బుర్రకు తట్టలేదు.

అత్తగారినీ, బావమరిదినీ, తోడల్లుణ్ణీ సోఫాలో కూర్చోబెట్టాను. సీటు బెల్టు గొంతు తెచ్చుకుని రెప్పలు బరువెక్కుతున్నాయన్నాను. ఒక్క నిమిషం. ముగ్గురూ పడిపోయారు! కొత్తవాళ్ళకు నెలలు పడుతుందని మాస్టర్ చెప్పాడు. నాకు నిమిషం పట్టింది. బావమరిదిని పేరు మరిచిపొమ్మన్నాను, మరిచిపోయాడు. తోడల్లుడి చేతికి గాలిబుడగ కట్టానన్నాను, చెయ్యి లేచింది. అత్తగారి అరచెయ్యి నెత్తికి అతుక్కుపోయిందన్నాను, అతుక్కుపోయింది. ఈలోగా ఫ్యాక్టరీ నుంచి ఫోనొస్తే బయటికి వెళ్ళి మాట్లాడి వచ్చాను. పది నిమిషాల తరవాత చూస్తే ఆవిడ నెత్తిన చేత్తో అలాగే ఉంది. నాకు కళ్ళు చెమర్చాయి.

అంతలో అత్తగారు ఒక కన్ను తెరిచి, పక్కనే ఉన్న మా ఆవిడతో గుసగుసగా అంది.

"ఏటే, ఇంకా ఎంతసేపే? సేపల పులుసు అడుగంటిపోతాది."

హిప్నాటిజంలో ఉన్నవాళ్ళు మాట్లాడడం కూడా కద్దని మాస్టర్ చెప్పాడు. కాబట్టి ఇది కూడా నా విజయమే అని లెక్కవేసుకున్నాను.

ఇంటికి తిరిగి వస్తూ కారులో మా ఆవిణ్ణి అడిగాను.

"ఎలగుంది?"

"ఏటెలగుంది?"

"అందరూ ఎలగ పడుకున్నారో సూసినావా?"

ఆవిడ ముందు సిగ్నల్ దాటనిచ్చింది. తరవాత అంది. "ఎవులైనా పడుకోపోతే పెద్దల్లుడికి అవమానం కాదా అండీ? మీరెళ్ళకముందే మా అమ్మ అందరికీ సెప్పీసింది, అల్లుడేటి సెయ్యమంటే అది సెయ్యండి, నవ్వినోడికి అన్నం లేదని."

 ఎవరూ అతికించకుండానే నా నోరు అతుక్కుపోయింది. కానీ మోసగాడికి నిరాశ ఎక్కువసేపు ఉండదు. ఫ్యామిలీ డే హాలులో ఉండేవాళ్ళెవరు? అందరూ ఏదో ఒక వరసలో బంధువులే. పెద్దవాడు స్టేజీ మీద నుంచి చెబితే కాదనేవాడు మా వాళ్ళలో ఇంకా పుట్టలేదు. హాలునిండా అత్తగార్లే ఉన్నట్టు లెక్క. అలాంటప్పుడు హిప్నాటిజం వస్తే ఎంత, రాకపోతే ఎంత? ఆ ధైర్యంతో చేసిన పొరపాటు ఒకటుంది. మాస్టర్‌కి ఫోన్ చేసి, ఫలానా ఆదివారం నా మొదటి ప్రదర్శన అని చెప్పాను. ఆశీర్వదిస్తాడనుకున్నాను.

ఫ్యామిలీ డే నాడు హాలు గుమ్మంలో చేతికిచ్చిన కార్యక్రమం కాగితంలో నా పావుగంట ఎదురుగా మాస్టర్ పేరు ఉంది. కింద చిన్న అక్షరాల్లో, 'సహాయం' అని నా పేరు.

ప్రెసిడెంటు నన్ను చూసి పక్కకు లాగాడు. "అన్నియ్యా, కోపం పడొద్దు లా. ఆ సారే ఫోన్ సేసినాడు. నువ్వింకా బిగినర్ అంట. బిగినర్లు పడుకోబెడతారు గానీ లేపలేరంట. జనం పడుకుని లెగకపోతే సంగానికి పేరు పోద్ది కదా."

"నన్నొక్క మాట అడగొచ్చు కదా?"

"అడిగితే నువ్వొద్దంటావు కదా" అన్నాడు ప్రెసిడెంటు నిజాయితీగా.

మాస్టర్ నన్ను తన దగ్గర నాలుగు శనివారాలు కూర్చోబెట్టి, సీలు వేసిన కాగితం చేతికిచ్చి, ఇప్పుడు నా ఊళ్ళో, నా వాళ్ళ ముందు నేను ప్రమాదకరమైన మనిషినని చెప్పాడు. అంత ప్రమాదకరమైన మనిషిని తయారుచేసింది ఎవరట? ఆ ప్రశ్న ప్రెసిడెంటుకి తోచలేదు. నాకు తోచేసరికి మాస్టర్ మైకు అందుకున్నాడు.

వాలంటీర్లు కావాలన్నాడు. ఎవరూ కదల్లేదు. బయటివాడు కదా, ఏ వరసా తెలియదు. మాస్టర్ ముందు వరసలో నన్ను పట్టుకున్నాడు. శనివారాల్లో 'అన్నా' అనేవాడు, ఇప్పుడు మైకులో, "రండి అంకుల్, నా స్టూడెంట్!" అన్నాడు. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, మొహం ముందు చెయ్యి తిప్పి, "స్లీప్!" అన్నాడు. అతిథి కదా. కళ్ళు మూసుకున్నాను. "ఇప్పుడు అంకుల్ ఒక కోడి" అన్నాడు.

కూశాను. రెక్కలు కూడా కొట్టాను. అంతమంది ముందు అతిథి మాట తీసెయ్యడం మా పెంపకంలో లేదు. హాలంతా గొల్లుమంది. రెప్పల సందులోంచి ఎదురుగా ఫోనులు పైకి లేవడం కనిపించింది. రెండో వరసలో మా అత్తగారు మాత్రం నవ్వడం లేదు. పెద్దల్లుడు కోడి కావడం ఆవిడకు నచ్చలేదు. ఆ ఇంట్లో పెద్దల్లుడికీ కోడికీ ఉన్న సంబంధం వేరు.

"మూడు అనగానే అంకుల్ హాయిగా లేస్తారు" అన్నాడు మాస్టర్. ఒకటి, రెండు, మూడు. చిటిక వేశాడు.

నేను లేవలేదు.

గడ్డం రొమ్ముకు ఆనించి అలాగే కూర్చున్నాను. జనం ఇంకా నవ్వుతున్నారు, ఇదీ ఆటలో భాగమేననుకుని. మాస్టర్ మళ్ళీ లెక్కపెట్టాడు. ఈసారి అయిదు దాకా వెళ్ళాడు. నవ్వులు సన్నగిల్లాయి. నా చెవి దగ్గరకు వంగాడు, పెప్పర్‌మెంటు వాసన. "అన్నా, సాలు. లెగండి." నేను మెల్లగా గురక పెట్టాను.

"ఏటి సార్, లెగడేటి?" ప్రెసిడెంటు గొంతు.

"డీప్ ట్రాన్స్. నార్మలే" అన్నాడు మాస్టర్. సీటు బెల్టు గొంతు ఊడిపోయింది, క్లాంగ్ బజారులో బేరాలాడే గొంతు మిగిలింది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. మా అత్తగారు. "మా అల్లుణ్ణేటి సేసినావురా నువ్వు?"

ఆవిడ వెనకే మా ఆవిడ. వచ్చి నా నుదుటి మీద చెయ్యి వేసింది. నా భుజం మీద ఒక వేలు నొక్కి వదిలింది. తరవాత, నిట్టూర్చి, హాలంతటికీ వినబడేలా అంది. "వీళ్ళ నాన్న కూడా ఒకపాలి ఇలగే తొంగున్నాడు. మూడ్రోజులు లెగలేదు."

మా నాన్న మధ్యాహ్నం కునుకు తీసినట్టు కూడా నాకు జ్ఞాపకం లేదు. కానీ హాలులో ఒక్కసారిగా "అయ్యో" అన్నారు. ఎవరో మలాయిలో "అలామాక్!" అన్నారు. ఇంకెవరో ఆస్పత్రి అన్నారు. మాస్టర్ నా చేతులు రుద్దడం మొదలుపెట్టాడు. అతని చేతులు నా గ్లౌజుల్లాగే కారుతున్నాయి.

ప్రెసిడెంటు ఇంకో చెవి దగ్గరకు చేరాడు. "అన్నియ్యా, ఇనబడతందా? తప్పయిపోయింది లా. వొచ్చే ఏడు నీ టైము నీదే. బయటోడెవుడూ వొద్దు, జుంబా వొద్దు. సెంచాలే ఒంచుకో. కేటరింగోడికి నేను సెప్పుకుంటాను. లెగు."

అప్పుడు లేవవచ్చు. నాకు కావలసింది వచ్చేసింది. లేద్దామనే అనుకున్నాను కూడా.

కానీ సరిగ్గా అప్పుడే హాలు వెనకాల కేటరింగువాళ్ళు మూతలు తీశారు. మటన్ కూర వాసన స్టేజీ దాకా వచ్చింది. ఆందోళన ఉన్నా ఆకలి ఆగదు కదా, జనం ఒక్కొక్కరే పళ్ళేలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. మాస్టర్ అటు ఒక అడుగు వేశాడు.

"నువ్వెక్కడికిరా?" అంది మా అత్తగారు. "నువ్వు పడుకోబెట్టినోణ్ణి లేపి కదులు."

అతను కుర్చీ పక్కన నిలబడిపోయాడు. నల్ల చొక్కా చంకల దగ్గర మరింత నల్లబడింది. వరస జరుగుతోంది. ఎవరో రెండోసారి వడ్డించుకున్నారు. ఎవరో ఎముక నములుతూ వచ్చి, నన్నూ అతన్నీ మార్చి మార్చి చూసి, "ఇంకా లెగలేదా?" అని అడిగి వెళ్ళారు. అలాంటి ప్రతి ప్రశ్నకీ మాస్టర్ నా చెవిలో ఒకటి, రెండు, మూడు అని మొదలుపెట్టేవాడు, ప్రతిసారీ కాస్త ప్రార్థనలాగా.

నేను రెప్పల సందులోంచి మటన్ ట్రే వైపే చూస్తూ కూర్చున్నాను. కేటరింగు మనిషి గరిటెతో అడుగు గీకి, ఖాళీ ట్రే ఎత్తి పక్కన పెట్టాక, ఆవులించి, ఒళ్ళు విరుచుకుని కళ్ళు తెరిచాను. మాస్టర్‌కి రసం మిగిలింది. నా వాటా మా ఆవిడ ముందే తీసి మూత పెట్టి ఉంచింది.